రెండు వేల డాలర్లు పోసి రెడీమేడ్ గేమింగ్ పీసీ కొనాలా, విడిభాగాలు తెచ్చి బిగించుకోవాలా?

అమెరికాలో ఉద్యోగంలో చేరి రెండు మూడు జీతాలు అకౌంట్లో పడగానే చాలామందికి గేమింగ్ పీసీ మీదికి మనసు పోతుంది. వెబ్‌సైట్‌లో అద్దాల కేబినెట్, రంగు రంగుల లైట్లతో 2,400 డాలర్ల డబ్బా ఊరిస్తూ ఉంటుంది. పక్కనున్న రూమ్మేటేమో "నువ్వే బిగించుకుంటే సగం ధరకు వస్తుంది" అంటాడు. సగం ధరకు రాదు. అలాగని ఆ డబ్బా 2,400 విలువా చేయదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు అలవాటుపడినవాళ్లు ముందు ఒక తేడా తెలుసుకోవాలి. అక్కడ లిస్టు రాసిస్తే షాపతనే అన్నీ బిగించి, విండోస్ ఎక్కించి, ఆన్ చేసి చూపించి చేతికిస్తాడు. ఏదైనా పని చేయకపోతే మళ్లీ అదే షాపు మెట్లెక్కుతాం. ఇక్కడ అలాంటి ఏర్పాటు చాలా తక్కువ. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, షికాగో, షార్లెట్, న్యూజెర్సీలోని పాటర్సన్ లాంటి చోట్ల మైక్రో సెంటర్ దుకాణం ఉంది. అక్కడ కొన్న భాగాలను విడిగా ఫీజు తీసుకుని బిగించి ఇస్తారు. మిగతా ఊళ్లలో రెండే దారులు: డబ్బా కొనడం, లేదా స్క్రూడ్రైవర్ మీరే పట్టుకోవడం. ప్రీబిల్ట్‌కు, అంటే ముందే బిగించి అమ్మే ఆ డబ్బాకు, అదనంగా కట్టేది ఆ షాపతని పనికే. ఆ పని వాళ్లు సరిగ్గా చేస్తున్నారా లేదా అన్నదే తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి గంట చాలు. ప్రీబిల్ట్ స్పెసిఫికేషన్ పేజీ తెరిచి, అందులోని భాగాలను ఒక్కొక్కటిగా, విడిభాగాల ధరలు కూడి చూపే పీసీ పార్ట్ పికర్ సైట్‌లో ఎక్కించండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, కేబినెట్, కూలర్, వీటికి విండోస్ కలపండి. విండోస్ 11 హోమ్ లైసెన్సు 139 డాలర్లు. ప్రీబిల్ట్ ధరలో అది కలిసే ఉంటుంది కాబట్టి లెక్కలో వదిలేస్తే పోలిక తప్పుతుంది. రెండు మొత్తాల మధ్య తేడా 150 డాలర్ల లోపుంటే ప్రీబిల్ట్ కొనేయండి, మీ వారాంతం మిగులుతుంది. 300 దాటితే బిగించుకోవడమే మేలు. మధ్యలో ఉంటే వారంటీని, కింద చెప్పబోయే పవర్ సప్లై సంగతిని చూసి నిర్ణయించుకోండి.

బిగించుకుంటేనే చవక అనే కొన్నేళ్ల కిందటి సలహాలు ఇప్పుడు నేరుగా పనికిరావు. 2025 మధ్యలో వంద డాలర్ల చుట్టుపక్కల దొరికిన 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ కిట్ ఆ ఏడాది చివరికి మూడింతలు దాటింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోవడమే కారణం. ఎస్‌ఎస్‌డీల ధరలూ దాని వెంటే పెరిగాయి. పెద్ద కంపెనీలు ముందే కొని పెట్టుకున్న ర్యామ్‌తో తయారుచేసిన డబ్బాలు మాత్రం కొన్నాళ్లపాటు పాత ధరకే వస్తుంటాయి. అందుకే ఈ రోజుల్లో మధ్యరకం ప్రీబిల్ట్, అంటే 1,200 నుంచి 1,500 డాలర్ల మధ్యది, విడిభాగాల కంటే చవగ్గా పడే సందర్భాలున్నాయి. పాత సలహా నమ్మి దాన్ని వదులుకోకండి. మైక్రో సెంటర్‌లో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ మూడూ కలిపి కట్టగా అమ్మే ఆఫర్లూ చూడండి. దుకాణానికి వెళ్తేనే దొరికే ఈ కట్టలో ర్యామ్ విడిగా కొన్నదాని కంటే బాగా తక్కువకు పడుతుంది.

2,000 దాటిన డబ్బాల సంగతి వేరు. అక్కడ అదనపు డబ్బు ఆటలో కనిపించని వాటి మీద పోతుంది. 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ చూడటానికి బాగుంటుంది. కానీ గేమింగ్‌కు పేరున్న రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్ గేముల్లో వంద వాట్లు కూడా వాడదు, నలభై డాలర్ల ఎయిర్ కూలర్ దాన్ని చల్లగానే ఉంచుతుంది. మొత్తం ధరలో గ్రాఫిక్స్ కార్డు వాటా 35 నుంచి 45 శాతం ఉండాలన్నది నమ్మదగిన లెక్క. ఆర్‌టీఎక్స్ 5070 విడుదల ధర 549 డాలర్లు, 5070 టీఐది 749, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీది 599. 2,400 డబ్బాలో 5070 కార్డు ఉంటే పావు వంతు కూడా కార్డుకు వెళ్లలేదన్నమాట. అలాంటి డబ్బా దగ్గర ఇక ఆగాల్సిన పని లేదు.

స్పెసిఫికేషన్ పేజీలో రాయనిదాన్ని అడిగి తెలుసుకోవాలి. "32 జీబీ ర్యామ్" అంటే రెండు 16లా, ఒక్కటే 32నా? ఒక్క స్టిక్ అయితే మెమరీ ఒకే చానల్‌లో నడిచి గేముల్లో వేగం తగ్గుతుంది. "750 వాట్స్ గోల్డ్" అని రాసి పవర్ సప్లై కంపెనీ పేరు దాచారంటే అనుమానించాలి. మదర్‌బోర్డు, పవర్ సప్లై మామూలు ఏటీఎక్స్ కొలతవేనా అన్నది మరీ ముఖ్యం. కొన్ని పెద్ద బ్రాండ్లు తమ సొంత ఆకారంలో బోర్డులు, సొంత పిన్నులతో పవర్ సప్లైలు వాడతాయి. నాలుగేళ్ల తర్వాత పవర్ సప్లై పోతే బజార్లో దొరికేది అందులో పట్టదు, కంపెనీ దగ్గర స్టాకు ఉండదు. అప్పుడు బాగున్న ప్రాసెసర్, బోర్డు కూడా మూలన పడతాయి.

ల్యాప్‌టాప్‌తో పోల్చుకునేవాళ్లకు ఒక మాట. ల్యాప్‌టాప్‌లోని ఆర్‌టీఎక్స్ 5070కి 8 జీబీ మెమరీ, డెస్క్‌టాప్‌లోని 5070కి 12 జీబీ. పేరు ఒకటే అయినా రెండూ వేర్వేరు చిప్పులు. క్లియరెన్స్‌లో ఇంటెల్ 13వ, 14వ తరం ఐ7, ఐ9 ప్రాసెసర్లతో చవకగా కనిపించే డబ్బాల విషయంలోనూ జాగ్రత్త. వాటిలో వోల్టేజీ ఎక్కువై చిప్పు క్రమంగా దెబ్బతినే సమస్యను 2024లో ఇంటెలే ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చింది, వారంటీ పెంచింది. కొంటే మాత్రం ఏ గేమూ ఎక్కించకముందే బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి.

ప్రీబిల్ట్ ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టకండి. పక్క ప్యానెల్ విప్పండి. రవాణాలో కదలకుండా లోపల నురగ సంచులు కుక్కుతారు, వాటిని తీయకుండా ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరగవు. గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చుందా, కరెంటు కేబుల్ వదులైందా వేలితో నొక్కి చూడండి. డబ్బా తెరిచేటప్పటి నుంచి ఫోన్‌లో వీడియో తీసి ఉంచితే తర్వాత వాదన ఉండదు. ప్యానెల్ విప్పితే వారంటీ పోతుందని భయం వద్దు. 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ప్రకారం అలా చెల్లదనకూడదు. సీల్ స్టిక్కర్ల పేరుతో వారంటీ నిరాకరించే కంపెనీలను ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో హెచ్చరించింది కూడా.

ఇక బిగించుకునేవాళ్ల విషయం. మొదటిసారి అయితే నాలుగైదు గంటలు పెట్టుకోండి. కావలసింది ఒక ప్లస్ స్క్రూడ్రైవర్, 8 జీబీ పెన్‌డ్రైవ్. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో కింద కార్పెట్, చలికాలంలో హీటర్ వల్ల పొడిగాలి. తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమనే ఆ స్టాటిక్ కరెంటు చిప్పులకు మంచిది కాదు. వంటింటి గట్టు మీద పని చేయండి, మధ్యమధ్యలో కేబినెట్ లోహాన్ని తాకుతూ ఉండండి.

మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డు పెట్టి మొదలుపెట్టండి. రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లకు పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, వాటి మీద వేలు పడితే వంగుతాయి, వంగితే వారంటీ రాదు. మూలనున్న బంగారు త్రికోణం గుర్తు కలిపి ప్రాసెసర్‌ను అలా వదలండి, నొక్కకండి. ర్యామ్ రెండు స్టిక్కులూ ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో టక్కుమనేదాకా నొక్కాలి. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని తీయడం మరిచిపోతే ప్రాసెసర్ నిమిషాల్లో 95 డిగ్రీలకు చేరుతుంది. చాలామంది చేసే పొరపాటు ఇది. కేబినెట్‌లో స్టాండాఫ్‌లు, అంటే బోర్డును ఎత్తిపట్టే చిన్న లోహపు కాళ్లు, బోర్డు రంధ్రాలకు సరిపడా మాత్రమే ఉన్నాయా చూడండి. అదనపుది ఒకటి బోర్డు వెనక తగిలితే షార్ట్ అవుతుంది.

కరెంటు కేబుళ్లలో బోర్డు పైమూలన ఉండే 8 పిన్నుల ప్రాసెసర్ కేబుల్‌ను ముందే లాగిపెట్టుకోండి, కూలర్ బిగించాక చెయ్యి దూరదు. పాత పవర్ సప్లై కేబుళ్లను కొత్తదానికి ఎప్పుడూ తగిలించకండి. ప్లగ్గు ఒకేలా ఉన్నా రెండో చివర వైర్ల క్రమం కంపెనీకో రకం, ఆన్ చేసిన క్షణంలో భాగాలు కాలిపోవచ్చు. ఎన్విడియా కొత్త కార్డులకు వచ్చే 16 పిన్నుల కనెక్టర్ అంచు కనిపించకుండా పూర్తిగా లోపలికి వెళ్లాలి, కేబుల్‌ను దాని మొదట్లోనే వంచకూడదు. సగం కూర్చున్న కనెక్టర్ వేడెక్కి కరిగిన సందర్భాలున్నాయి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు పరీక్షించుకుంటున్న సమయమది, కొన్ని నిమిషాలు పడుతుంది. చాలామంది అక్కడే కంగారుపడి బటన్ నొక్కి ఆపేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు తగిలించారా చూడండి, తర్వాత ర్యామ్ ఒక్క స్టిక్‌తో ప్రయత్నించండి. తెర వచ్చాక బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 6000 వేగానికి డబ్బు పెట్టిన ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. 165 హెర్ట్జ్ మానిటర్ అయినా విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ వేగం ఎంచుకోకపోతే 60లోనే ఉండిపోవచ్చు. కొత్త బోర్డు వైఫైని విండోస్ ఇన్‌స్టాలర్ గుర్తుపట్టకపోవచ్చు, అప్పుడు ఇంటర్నెట్ లేక అక్కడే ఆగిపోతుంది. డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

కొత్తగా వచ్చినవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా వాయిదాల దగ్గర. "18 నెలలు వడ్డీ లేదు" అని స్టోర్ కార్డు ఇస్తారు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది: గడువులోగా మొత్తం తీర్చకపోతే, కొన్న రోజు నుంచి లెక్కగట్టిన వడ్డీ అంతా ఒక్కసారిగా పడుతుంది. చివరి నెల యాభై డాలర్లు మిగిలినా సరే, అంతే. మొత్తాన్ని గడువు నెలల కంటే ఒకటి తక్కువతో భాగించి ఆటోపే పెట్టుకోండి, కనీస మొత్తం మాత్రం పెట్టకండి. ధర చూసేటప్పుడు సేల్స్ ట్యాక్స్ కలుపుకోండి: డాలస్‌లో 8.25 శాతం, న్యూజెర్సీలో 6.625, ఆరిగన్‌లో, డెలావేర్‌లో లేదు. వాపసు గడువు కొన్ని దుకాణాల్లో 15 రోజులే. కాస్ట్‌కోలో కంప్యూటర్లకు 90 రోజులు, పైగా రెండో ఏడాది వారంటీ వాళ్లే ఇస్తారు. ప్రీబిల్ట్ కొనాలనుకుంటే ముందు అక్కడే చూడమని చెప్తాం. బిగించుకునేవాళ్లు భాగాలన్నీ ఒకే వారంలో కొనండి. ర్యామ్ ఆఫర్ వచ్చిందని ఇవాళ కొని, ప్రాసెసర్ నెల తర్వాత కొంటే, ర్యామ్ చెడ్డదని తెలిసేనాటికి వాపసు గడువు దాటిపోతుంది.

అద్దె ఇళ్లలో పడకగదికి సాధారణంగా 15 ఆంపియర్ల బ్రేకర్ ఉంటుంది. 120 వోల్టుల మీద అది 1,800 వాట్లు. గేమ్ ఆడుతున్న పీసీ, మానిటర్ కలిపి 500 లాగుతుంటే పక్కనే 1,500 వాట్ల రూమ్ హీటర్ పెడితే బ్రేకర్ పడుతుంది, పీసీ మధ్యలో ఆగిపోతుంది. హీటర్‌ను వేరే గది ప్లగ్గుకు మార్చండి.

ఇల్లు మారేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు విప్పి దాని పెట్టెలో పెట్టి మీ వెంటే తీసుకెళ్లండి. రెండేసి కిలోల కార్డులు కుదుపులకు స్లాట్‌ను చీలుస్తాయి. జనవరిలో రాత్రంతా కారులో చల్లబడిన పీసీని గదిలోకి తేగానే ఆన్ చేయకండి, లోపల తేమ పడుతుంది. రెండు మూడు గంటలు అలాగే ఉంచండి.

ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే పవర్ సప్లై లేబుల్ చూడండి. "100-240 వోల్ట్స్" అని ఉంటే ఇండియా త్రీపిన్ కేబుల్ మార్చుకుంటే చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. 115 మాత్రమే ఉంటే, లేదా వెనక 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉండి దాన్ని మార్చకపోతే, అక్కడి 230 వోల్టులకు అదే క్షణంలో కాలిపోతుంది. విడిగా కొనే మంచి పవర్ సప్లైలన్నీ దాదాపు రెండు వోల్టేజీలకూ పనిచేస్తాయి. చవక ప్రీబిల్టుల్లోనే ఈ చిక్కు. మామూలు ప్రయాణికులకు కస్టమ్స్‌లో విడిగా సుంకం మినహాయింపు ఉన్నది ఒక ల్యాప్‌టాప్‌కే, డెస్క్‌టాప్‌కు అలాంటిది లేదు. అమెరికా బిల్లుతో కొన్న చాలా గ్రాఫిక్స్ కార్డులకు ఇండియాలో వారంటీ చెల్లదు. ఏడాది లోపల వెళ్లిపోయేవాళ్లు మైక్రో ఏటీఎక్స్ కేబినెట్‌లో బిగించుకుంటే, వెళ్లేటప్పుడు కార్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ హ్యాండ్ బ్యాగులో సర్దుకుని మిగతాది ఇక్కడే అమ్మేయొచ్చు. అమ్మేటప్పుడు పోలీస్ స్టేషన్ల ముందు ఇలాంటి కొనుగోళ్లకోసం కేటాయించిన పార్కింగ్ స్థలాల్లోనే కలవండి, జెల్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే సేవ) ద్వారా పంపిన డబ్బు మీ బ్యాంకు యాప్‌లో కనిపించాకే పెట్టె చేతికివ్వండి.