పాశ్చర్ పెరిగిన ఊరు

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. ఈ మధ్య మా పిల్లోడిని వీధికుక్క కరిస్తే సర్కారు ఆస్పత్రిలో సూదులు వేయిస్తున్నాం. మూడు అయినాయి, పిల్లోడు బాగానే ఉన్నాడు కదా, నాలుగోది ఎందుకులే అంటున్నారు ఇంట్లో. ఆ మందు కనిపెట్టిన పాశ్చర్‌ది ఆర్బ్వా అనే చిన్న ఊరని వాళ్ళ టీచర్ చెప్పిందట, నిజమేనా? అక్కడ పేరున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?
- ఒక తల్లి, కడప జిల్లా

జవాబు: పాశ్చర్ పుట్టింది అదే ప్రాంతంలోని దోల్‌లో, 1822లో. పెరిగింది మాత్రం ఆర్బ్వాలోనే, కాబట్టి టీచరమ్మ మాట తప్పేం కాదు. ఫ్రాన్స్ తూర్పు భాగంలో, స్విట్జర్లాండ్‌కు దగ్గర్లో, ద్రాక్షతోటల నడుమ ఉంటుంది ఊరు. జనాభా ఇప్పటికీ మూడున్నర వేల లోపే. పాశ్చర్ నాన్న నెపోలియన్ సైన్యంలో చేసి వచ్చి అక్కడ ఏటి ఒడ్డున తోళ్ళు పదును చేసేవాడు. పదిహేనేళ్ళప్పుడు కొడుకును చదువుకని పారిస్ పంపితే, ఆ తోళ్ళ వాసన మీద బెంగపెట్టుకుని ఇంటికొచ్చేశాడు (పిల్లల్ని హాస్టల్లో వేసినవాళ్ళకు ఇదేం కొత్త కాదు).

1831లో ఒక పిచ్చి తోడేలు ఆ చుట్టుపక్కల చాలామందిని కరిచింది. అప్పట్లో తెలిసిన వైద్యం, కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయాన్ని వాతపెట్టడం. చిన్నపిల్లాడు పాశ్చర్ అది కళ్ళారా చూశాడని చెబుతారు. 1885 జులైలో ఆయన కనిపెట్టిన పిచ్చికుక్క కాటు మందు మొదట తీసుకున్నది అల్సాస్ అనే ప్రాంతం నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్, అక్టోబరులో వచ్చిన జుపీయ్ అనే పదిహేనేళ్ళ కాపరి మాత్రం ఆర్బ్వా వైపు పల్లె కుర్రాడే, తోటి పిల్లల మీదికొచ్చిన పిచ్చికుక్కకు ఎదురెళ్ళి కరిపించుకున్నాడు. ఇద్దరూ బతికారు.

ఇంకెవరంటే, 1761లో పుట్టిన పిషెగ్రూ అనే జనరల్. 1795లో హాలండ్‌ను గెలిచాడు, తర్వాత రాజు పక్షం చేరి 1804లో జైల్లో చచ్చిపోయాడు. పొయింత్లాఁ అని ఒక చిత్రకారుడూ ఉన్నాడు, బతుకుతెరువుకు లెక్కల మాస్టారు.

నాలుగో సూది మాత్రం మానొద్దు. పిల్లోడు బాగున్నాడనేది లెక్కలోకి రాదు, ఎందుకంటే పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ జబ్బు లక్షణాలు బయటపడ్డాక వైద్యం దాదాపు లేనట్టే. చీటీలో రాసిన తేదీకి తీసుకెళ్ళండి, తేదీ దాటిపోయి ఉంటే ఈరోజే వెళ్ళి డాక్టర్‌ను అడగండి. మళ్ళీ ఎవరికైనా కుక్క కరిస్తే కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకుండా కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.