మేకు లేని సింహాసనాలు

ప్రశ్న: చైనా చక్రవర్తుల కాలం నాటి కుర్చీలు, బీరువాల్లో ఒక్క మేకు కూడా ఉండదట. మరి వందల ఏళ్లు ఎలా నిలిచాయి, జిగురుతోనా?

జవాబు: జిగురు కొద్దిగా వాడేవారు, కానీ బరువు మోసేది అది కాదండీ. ఒక చెక్క కొసను నాలుకలా చెక్కి, రెండో దాంట్లో సరిగ్గా అంతే బెజ్జం తొలిచి బిగించేవారు. ఇత్తడి కనిపిస్తే అది తలుపు బందులకో, తాళాలకో.

అసలు కిటుకు వేరే ఉంది. తేమకి చెక్క ఉబ్బుతుంది, పొడిగాలికి కుదించుకుపోతుంది, బీజింగ్‌లో వేసవి వానలు ఎంత తడో చలికాలం అంత పొడి, అలాంటి చోట పలకను మేకులతో కదలకుండా కొట్టేస్తే నిలువునా పగిలి ఊరుకుంటుంది. అందుకే బల్ల పైభాగానికి ముందు నాలుగు పక్కలా చట్రం కట్టి, దాని లోపలి గాడిలో పలకను జిగురు పెట్టకుండా కూర్చోబెట్టేవారు. ఉబ్బినా తగ్గినా పలక ఆ గాడిలోనే సర్దుకుంటుంది. నన్నడిగితే పైన చెక్కిన డ్రాగన్ల కంటే కనపడని ఆ గాడే గొప్ప పని.

కలప సంగతీ చెప్పాలి. దక్షిణాన హైనాన్ దీవిలో పెరిగే హువాంగ్‌హువాలీ అనే గట్టి కలపంటే, చైనాను 1644 దాకా ఏలిన మింగ్ వంశం కాలపు వాళ్లకి ప్రాణం. 1567లో సముద్ర వ్యాపారం మీద నిషేధం సడలించాక బయటి నుంచీ గట్టి కలప బాగా వచ్చింది. మింగ్ తర్వాత వచ్చిన చింగ్ చక్రవర్తులకు మోజు జితాన్ మీద, అంటే మన శేషాచలం కొండల ఎర్రచందనం! నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. కోటలోనే పనిశాలలు పెట్టించి సుజౌ, గ్వాంగ్‌జౌ నగరాల నుంచి పనివాళ్లను రప్పించి తెగ చెక్కించారు. నాకైతే మింగ్ వాళ్ల నున్నటి, నగిషీ లేని కుర్చీలే ఇష్టం, వాటిలో పనితనం దాచుకోడానికి చోటుండదు.

ప్రశ్న: ఒక చక్రవర్తి స్వయంగా వడ్రంగం చేసేవాడట, నిజమా?

జవాబు: నిజమే. మింగ్ వంశపు తియాన్‌ఛీ, 1620లో గద్దెనెక్కేటప్పటికి పద్నాలుగేళ్ల కుర్రాడు. ఉలీ రంపం పట్టుకుంటే లోకం తెలిసేది కాదట. వేయ్ జోంగ్‌షియెన్ అనే అంతఃపుర నపుంసకుడు సరిగ్గా ఆ టైం చూసుకునే రాజ్యం కాగితాలు తెచ్చేవాడని, "మీరే చూసుకోండి" అనిపించుకుని పెత్తనమంతా లాగేసుకున్నాడని చెబుతారు. తియాన్‌ఛీ 1627లో పోయాడు. ఇంకో 17 ఏళ్లకి మింగ్ రాజ్యమే పోయింది, తప్పంతా ఉలి మీద నెట్టలేం గానీ.