మైనం చెక్కడం రాకపోతే స్మైల్ డిజైన్ కుదరదా?

ప్రశ్న: డెంటల్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. కంప్యూటర్ పనంటే ఇష్టం. మైనంతో పంటి ఆకారం చెక్కడంలో మాత్రం చేయి తిరగడం లేదు, టెన్షన్‌గా ఉంది. డిజిటల్ స్మైల్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కోర్సులో ఇప్పుడే చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆ పని ఎలా సాగుతుందో చూడండి. పేషెంట్ ముఖం ఫోటోలు, మాట్లాడుతూ నవ్వుతూ ఉండగా తీసిన వీడియో, నోటి లోపలి స్కాన్ కలిపి పళ్ల కొత్త ఆకారం గీస్తారు. ముఖం మధ్యగీత ఎక్కడుంది, నవ్వితే చిగురు ఎంత కనిపిస్తోంది, ముందు పన్ను వెడల్పు దాని పొడవులో ఎంత (75 నుంచి 80 శాతం ఉంటే సాధారణంగా ఇంపుగా కనిపిస్తుంది) అన్నీ చూస్తారు. ఈ కొలతలు సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. పంటి వంపులు, అంచులు, వాటి మీద వెలుగు పడే తీరు మీకే తెలిసి ఉండాలి. మౌస్‌తో చెక్కినా చెక్కేది ఆ పన్నునే కదా! అందుకే మైనం పని వదలొద్దు. చేయి కాస్త తడబడినా ఫర్వాలేదు, కన్ను అక్కడే తయారవుతుంది.

తెరమీది డిజైన్‌తో పని అయిపోదు. దాన్ని 3డి ప్రింట్ చేసి, సిలికాన్ అచ్చు తీసి, అందులో తాత్కాలిక రెజిన్ నింపి పేషెంట్ పళ్ల మీద పెడతారు. దీన్నే మాకప్ అంటారు. ‘ఫ’ పలికితే పై పళ్ల అంచు కింది పెదవిని ఎక్కడ తాకుతోంది, కొరికితే ఏ పన్ను ముందు తగులుతోంది అన్నవి అప్పుడు బయటపడతాయి. ఆ తర్వాత అసలు పన్ను అరగదీస్తే, పోయిన ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) మళ్లీ పెరగదు. అందుకే నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే కీలకం. అందమైన బొమ్మ చూపించి ఒప్పించి, మాకప్ దాటేసే డాక్టర్ మాత్రం కావద్దు.

చికిత్స చేయాలనుంటే ప్రోస్తోడాంటిక్స్‌లో (కృత్రిమ పళ్లు, తొడుగులు అమర్చే విభాగం) పీజీ దగ్గరి దారి. డిజైన్ మీదే మనసుంటే డెంటల్ ల్యాబ్‌లకు క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీసే) డిజైనర్‌గా పని చేయొచ్చు. స్కాన్ ఫైలు అందితే చాలు, ఎక్కడ కూర్చున్నా చేసే పని అది. అయితే అక్కడ ఏళ్ల అనుభవమున్న టెక్నీషియన్లతో పోటీ పడాలి. ఎటు వెళ్లాలో ఇంటర్న్‌షిప్‌లో పేషెంట్లను చూశాకే తేల్చుకోండి.

ఈలోగా డెంటల్ ఫోటోగ్రఫీ నేర్చుకోండి. ఫోటో వంకరగా ఉంటే డిజైన్ కూడా వంకరపోతుంది. స్నేహితుల్ని అడిగి, ఒకే దూరం నుంచి, ఒకే వెలుగులో వాళ్ల నవ్వులు తీయండి. స్కాన్‌లో వచ్చే 3డి ఆకారాల ఫైళ్లను (ఎస్‌టీఎల్) తిప్పి చూడటం ఉచితంగా దొరికే బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో మొదలుపెట్టవచ్చు.