మూడుసార్లు ఇంజిన్ పోయిన జెట్ స్కీ: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: సరదాగా నడుపుకుందామని జెట్ స్కీ (నీటి మీద నడిపే బైక్ లాంటి బండి) కొన్నాను. పద్నాలుగు నెలల్లో ఇంజిన్ మూడుసార్లు పోయింది. మొదటి రెండుసార్లు వారంటీ కింద బాగుచేసి ఇచ్చారు. ఈసారి మాత్రం సర్వీస్ సెంటర్ వాళ్లు ‘ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయి, తప్పు మీదే, వారంటీ రాదు’ అంటున్నారు. ఇంజిన్ విప్పడానికి సంతకం అడుగుతున్నారు. కొత్త బండి కోసమో, డబ్బు వాపసు కోసమో కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ఆ సంతకం ఇప్పుడే పెట్టకండి. మీరు లేనప్పుడు ఇంజిన్ విప్పేస్తే, లోపల ఏం కనిపించిందో వాళ్లు చెప్పిందే సాక్ష్యమవుతుంది. మీ ఎదుట, మీ తరఫు మెకానిక్ ఉండగా, వీడియో తీస్తూ విప్పాలని రాతపూర్వకంగా కోరండి. తీసిన ఇంజిన్ ఆయిల్‌లో కొంత సీసాలో పోసి, సీలు వేయించి మీ దగ్గర ఉంచుకోండి. తీసేసిన పార్టులు పారేయవద్దని కూడా అందులోనే రాయండి.

ఇంజిన్ పదే పదే పోయినంత మాత్రాన తయారీ లోపం రుజువైనట్టు కాదు. రుజువు చేసే బాధ్యత మీదే. అలాగని ‘నీళ్లు వెళ్లాయి’ అనగానే వాళ్ల బాధ్యత తీరిపోదు. నీళ్లు ఏ దారిన వెళ్లాయన్నదే అసలు ప్రశ్న. బోల్తా పడినప్పుడు బండి వెనక స్టిక్కర్ మీద చూపిన వైపు కాకుండా ఇంకో వైపు తిప్పి లేపితే, ఎగ్జాస్ట్‌ (పొగ గొట్టం)లోని నీరు సిలిండర్లలోకి పోతుంది. ఫ్లష్ చేసేటప్పుడు, అంటే కుళాయి నీటితో ఇంజిన్‌లోని నీటి దారులు కడిగేటప్పుడు, చాలా మోడళ్లలో ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి తర్వాత కుళాయి తిప్పాలి, ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేయాలి. ఈ వరస తప్పినా అదే ప్రమాదం. ఇలా జరిగి ఉంటే తప్పు మీది, కేసు బలహీనం. గ్యాస్కెట్టో (అతుకుల మధ్య సీలు) హోసో (రబ్బరు గొట్టం) లీకై నీళ్లు వెళ్లి ఉంటే మాత్రం అది వస్తువు లోపం. గత రిపేరులో వాళ్లే సరిగా బిగించకపోతే సేవాలోపం. మూడింటిలోనూ ఆయిల్ ఒకేలా పాలలా తెల్లబడుతుంది కాబట్టి రంగు చూసి తప్పు తేల్చేయడం కుదరదు.

అందుకే పాత రిపేర్లప్పుడు సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డులు రెండూ తీయండి. ‘స్టార్ట్ కావడం లేదు, సరిచేశాం’ అని మాత్రమే రాసి ఉంటే మీకు ఒక రకంగా మేలే. కారణం కనుక్కోకుండా పార్టులు మార్చి పంపారని వాదించవచ్చు. ఇంజిన్ కంప్యూటర్‌లో ఎన్ని గంటలు నడిచిందీ, ఎప్పుడు వేడెక్కిందీ, ఏ ఎర్రర్ కోడ్ వచ్చిందీ చాలావరకు నమోదై ఉంటుంది. ఆ రిపోర్టు ప్రింటు అడగండి. ఇవ్వకపోతే, అడిగినట్టు ఈమెయిల్ అయినా మిగులుతుంది.

తర్వాత డీలర్‌కూ, తయారీ కంపెనీకీ లీగల్ నోటీసు పంపి, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరుంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన ధర 50 లక్షలు దాటకపోతే చాలు. పరీక్షిస్తే తప్ప లోపం తేలనప్పుడు సెక్షన్ 38 కింద కమిషన్ తగిన లేబొరేటరీకి పంపుతుంది. ఆ రిపోర్టుకు చట్టం పెట్టిన గడువు 45 రోజులు. దాన్ని పొడిగించవచ్చు కూడా. పరీక్ష ఖర్చు ముందు మిమ్మల్నే కట్టమనవచ్చు.

మొత్తం డబ్బు వాపసు వస్తుందని మాత్రం గట్టిగా ఆశపెట్టుకోవద్దు. 2006లో మారుతి కారు కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న పార్టు మార్చడం వరకే ఉన్నప్పుడు కారునే మార్చమనలేమని చెప్పింది. ఉచితంగా ఇంజిన్ మార్పు, నష్టపరిహారం, ఖర్చులు అడగడం మీకు గట్టి దారి. వాపసు కూడా కోరండి, కానీ దాని మీదే కేసు నిలబెట్టవద్దు.

ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. ఉత్తరాలు నడుస్తున్నంత మాత్రాన అది పెరగదు. ఎందుకైనా మంచిది, మొదటిసారి ఇంజిన్ పోయిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. మీకు ఇంకా పది నెలల పైనే ఉన్నట్టు.

ఇంకో మాట. బండిని ఎప్పుడైనా అద్దెకిచ్చి ఉంటే మీ లాయరుకు ముందే చెప్పండి. వ్యాపారం కోసం కొన్నవారిని ఈ చట్టం వినియోగదారుగా చూడదు. పూర్తిగా జీవనోపాధికి స్వయం ఉపాధిగా కొన్నవారికి మినహాయింపు ఉంది గానీ, సరదాకి కొన్నానన్న మీకు అది వర్తించదు. అవతలి లాయరు మొదట వెతికేది బండిని అద్దెకిచ్చినట్టు చూపే ఫోటోలే.