చిగుళ్ల ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గాలంటే

ప్రశ్న: డాక్టరుగారూ, మా అమ్మకు 58 ఏళ్లు. నిన్న చిగుళ్లకు ఫ్లాప్ ఆపరేషన్ (చిగురును విడదీసి లోపల శుభ్రం చేయడం) చేసి కుట్లు వేశారు. నొప్పి, వాపు ఉన్నాయి. లవంగనూనె రాయొచ్చా? ఆమెకు చుట్ట అలవాటుంది.
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: లవంగనూనె వద్దమ్మా, పచ్చి గాయాన్ని కాలుస్తుంది. ఈ రోజంతా ఐసుముక్కలు గుడ్డలో చుట్టి బుగ్గమీద 15 నిమిషాలు పెట్టండి, 15 నిమిషాలు ఆపండి. వాపు రెండు మూడు రోజులు పెరిగి, ఆపైన దిగుతుంది. నొప్పికి ఐబూప్రొఫెన్ 400 మి.గ్రా., తిన్నాకే. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా అది వద్దు, పారసెటమాల్ ఇవ్వండి.

0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 10 మి.లీ. నిమిషంపాటు నోట్లో ఉంచి, గట్టిగా ఉమ్మకుండా జారవిడవాలి. రోజుకు రెండుసార్లు, రెండు వారాలు. పేస్టుతో తోమిన అరగంట తర్వాతే వాడాలి, లేకుంటే పేస్టు నురుగు మందు పనిని తగ్గిస్తుంది. కుట్లున్న చోట బ్రష్ తగలనివ్వకండి.

అసలు చిక్కు చుట్టతోనే. నికోటిన్ రక్తనాళాలను ముడిచేస్తుంది, చిగురుకు రక్తం చాలక గాయం మానదు. మన తీరంలో లాగా అడ్డపొగ అయితే నిప్పు నోట్లోనే ఉంటుంది. దయచేసి పూర్తిగా మాన్పించండి.

చల్లారిన చోడంబలి (రాగి అంబలి), పెరుగన్నం పెట్టండి. మూడో రోజు దాటాక వాపు పెరిగినా, జ్వరమొచ్చినా, తడి గాజుగుడ్డతో 20 నిమిషాలు నొక్కినా రక్తం ఆగకున్నా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరకు వెంటనే తీసుకెళ్లండి.