కల్లు, కళ్ళు: రెండూ ఒకటేనా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి చుట్టాల వాట్సాప్ గ్రూపులో "నాన్నకి కల్లు మండుతున్నాయి, డాక్టర్ దగ్గరికి వెల్తున్నాం" అని పెట్టింది. కళ్ళు అని రాయాలమ్మా అంటే "రెండూ ఒకేలాగ పలుకుతాం కదా నాన్నా, ఏది రాస్తే ఏంటి" అంటోంది. దానికి ఎలా చెప్పాలండి?

సమాధానం: ఒకేలాగ పలకమండి, అసలు సంగతి అదే. గబగబా మాట్లాడినప్పుడు ఒకేలాగ వినపడతాయి, అంతే. అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని ముందు మెల్లగా కల్లు అనమనండి, నాలుక కొస పైపళ్ళ వెనకాల తగులుతుంది. ఇప్పుడు కళ్ళు అనమనండి, అదే కొస వెనక్కి మడతపడి పైన అంగిటికి తగిలి కిందికి జారుతుంది. అందుకే వ్యాకరణంలో ల ని దంత్యం అన్నారు, ళ ని మూర్ధన్యం అన్నారు. మొదటిది తాడిచెట్టు మీద కుండలోంచి దిగేది, రెండోవి మీకు మండుతున్నవి.

సరే, నోటికి తెలిసింది, రాసేటప్పుడు ఎలాగ? ళ్ళ వెనకాల చాలాసార్లు ఇంకో అక్షరం దాక్కుని ఉంటుందండి, డ గాని ర గాని. గుడి గుళ్ళు అయింది, కోడి కోళ్ళు అయింది, ఊరు ఊళ్ళు, గోరు గోళ్ళు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇప్పటికీ కండ్లు, పండ్లు, ఇండ్లు, పెండ్లి అనే అంటారు, ఆ డకారమే మన వైపు ల తో కలిసిపోయి ళ్ళ అయిపోయింది. కాబట్టి పెల్లి అని రాస్తే ఆ డకారం ఆనవాలు కూడా పోయినట్టే. వెళ్ళడం కూడా అంతే, అది పాత వెడలడమే, అందుకని వెళ్తున్నాం అని రాయాలి, వెల్తున్నాం కాదు.

మా అమ్మమ్మకి అక్షరమ్ముక్క రాదు. కాలవకి నీళ్ళు వదిలిన రోజు గట్టు మీద నిలబడి పాలేరుని కేకేసి "మళ్ళోకి నీళ్ళు మళ్ళీ మళ్ళించరా" అనేది, నేను పక్కనే ఉండేవాణ్ణి, ఒక్కో ళ్ళ విడివిడిగా వినపడేది. ఎన్నో ఏళ్ళ తర్వాత వ్యాకరణం చదువుతుంటే ఆ ఒక్క వాక్యంలో ఎంత ఉందో తెలిసిందండి. మళ్ళు మడి నుంచి వచ్చింది, నీళ్ళు నీరు నుంచి వచ్చింది, మళ్ళీ మరల నుంచి, మళ్ళించడం మరలించడం నుంచి. అదే మల్లి అని రాస్తే మల్లెపువ్వు అయిపోతుంది, నీరు మళ్ళించడానికీ పువ్వుకీ సంబంధమేముంది చెప్పండి!

కొన్ని మాటల్లో ఏకవచనంలో డ, ర ఏవీ కనపడవు. ఇల్లు, ముల్లు, కాలు, వేలు, వీటికి ఒక్కటి అన్నప్పుడు ల యే, బహువచనంలో మాత్రం ళ్ళు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే పదివేలు అంటే డబ్బు, పది వేళ్ళు అంటే రెండు చేతులకీ కలిపి ఉండేవి. వెయ్యికి బహువచనం వేలు, అక్కడ ళ రాదు. ఈమధ్య తప్పు రాస్తామేమోనన్న భయంతో చెళ్ళి, తళ్ళి, పిళ్ళలు అని రాసేవాళ్ళు కూడా కనిపిస్తున్నారు, అది ఇంకా బాధగా ఉంటుంది నాకు. చెల్లి, తల్లి, పిల్లలు, వీటిల్లో ఎక్కడా ళ లేదు.

ఇంకో మాట కూడా మీ అమ్మాయికి చెప్పండి. ఒకేలాగ రాసి వేరేగా పలికేవి కూడా మనకి ఉన్నాయి. వరలక్ష్మీ వ్రతం కథలో చారుమతి ఉంది కదా, అందులో చారు సంస్కృతం, అందమైన అని అర్థం, అక్కడ చ ని చీమలో చ లాగ పలకాలి. అన్నంలో పోసుకునే చారుకి మాత్రం నాలుక పళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది, ఒకటికి రెండుసార్లు పలికి చూసుకోండి. చలి వేరు చలనం వేరు, కూచునే చాప వేరు విల్లు అనే అర్థంలో చాపం వేరు, జాడ వేరు జాతి వేరు. ఈ దంత్య చ, జ లకి పాత పుస్తకాల్లో ౘ, ౙ అని గుర్తులు ఉండేవి, 2008లో కంప్యూటర్లలో అక్షరాలకి వాడే యూనికోడ్‌లో కూడా చేర్చారు గాని మామూలు రాతలో ఎవరూ వాడరు, ఆ తేడా అంతా మన నోట్లోనే ఉంది. చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పేటప్పుడు చారునీ చారుమతినీ పక్కపక్కన పెట్టి పలికిస్తే ఎంత బావుణ్ణో అనిపిస్తుంది నాకు.

ఇక ఫోన్లో సంగతంటారా, ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేస్తే ఎల్ కొట్టగానే చాలాసార్లు ముందు ల యే వస్తుంది, ళ కావాలంటే కింద చూపించే మాటల్లోంచి ఏరుకోవాలి. ఏరుకునే ముందు ఆ మాట ఒక్కసారి పైకి అనుకోమనండి, నాలుక ఎక్కడ తగిలిందో దానికే తెలిసిపోతుంది. మీ కళ్ళ మంట తొందరగా తగ్గాలని కోరుకుంటున్నానండి.