ఎఫ్‌డీ తీసి ట్యాబ్లెట్ మెషిన్ కొనొద్దు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరంలో చిన్న ఆయుర్వేద మందుల యూనిట్. చూర్ణాలు మేమే చేస్తాం. మాత్రలకు గ్రాన్యూల్స్ (మాత్ర కొట్టడానికి సిద్ధం చేసిన రవ్వలాంటి పొడి) దాకా చేసుకుని, పంచింగ్, అంటే మాత్రలుగా కొట్టడం మాత్రం హైదరాబాద్‌లో జాబ్‌వర్క్‌కు ఇస్తున్నాం. 500 మిల్లీగ్రాముల మాత్రలు, నెలకు 6 లక్షలు. మాత్రకు 12 పైసల చొప్పున 72 వేలు కడుతున్నాం. ఇప్పుడు 27 స్టేషన్ల (27 పంచ్ జతలున్న) డబుల్ రోటరీ మెషిన్ సెకండ్ హ్యాండ్‌లో 6.5 లక్షలకు వస్తోంది. బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం అంటున్నారు. 4 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మిగతా 2.5 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాం. 9 నెలల్లో మెషిన్ డబ్బు తిరిగొచ్చేస్తుందని మా లెక్క. యూనిట్‌కు జీతాలు, అద్దె, కరెంటు కలిపి నెలకు 90 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు. ఈ వారంలోనే సగం అడ్వాన్స్ అడుగుతున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వొద్దు. సొంత మెషిన్ కావాలనుకోవడంలో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, చేతిలో ఉన్న ఒక్క నిల్వనూ మెషిన్ ధరగా చూడటం. చిన్న తయారీదారుల ఉత్తరాల్లో ఇదే మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. యూనిట్‌కు 90 వేలు, ఇంటికి 40 వేలు, అంటే మీ నెల ఖర్చు 1.30 లక్షలు. మూడు నెలలకు 3.90 లక్షలు. మీ ఎఫ్‌డీ ఇంచుమించు అంతే ఉంది. అది మీ అత్యవసర నిధి. నన్నడిగితే మీలాంటి యూనిట్‌కు ఆరు నెలల ఖర్చు ఉండాలి. మీ దగ్గర ఉన్నది అందులో సగమే, దాన్నీ తీసేస్తానంటున్నారు.

ముందు మీ 9 నెలల లెక్క చూద్దాం. 6.5 లక్షలను 72 వేలతో భాగించారు. కానీ ఆ 72 వేలూ మీకు మిగలవు. తెలిసిన ఆపరేటర్‌కు 20 వేలు, మెషిన్‌కూ డీహ్యూమిడిఫయర్‌కూ కరెంటు 7 వేలు, పరీక్షలు, వృథా పోయే మాత్రలు 6 వేలు, పంచ్‌ల అరుగుదలకూ స్పేర్లకూ పక్కన పెట్టాల్సింది 5 వేలు. ఇవి తీసేస్తే మిగిలేది 34 వేలు. ధర వైపు చూస్తే బిల్లుతో, జీఎస్టీ కలిపి మెషిన్ 7.67 లక్షలు. రవాణా, క్రేన్, వైరింగ్, డస్ట్ కలెక్టర్, మాత్రల మీది పొడి దులిపే డీడస్టర్, గాలిలో తేమ తగ్గించే డీహ్యూమిడిఫయర్, మాత్ర గట్టిదనాన్నీ పొడి రాలడాన్నీ చూసే హార్డ్‌నెస్, ఫ్రయబిలిటీ టెస్టర్లు, రెండో సైజుకు ఇంకో టూలింగ్ (పంచ్‌లు, డైలు) సెట్ మీ అంచనాలో లేనే లేవు. కొటేషన్లు వచ్చేదాకా వీటికి కనీసం 2.5 లక్షలు రాసుకోండి. మొత్తం 10.17 లక్షలు. నెలకు 34 వేల చొప్పున తిరిగి రావడానికి 30 నెలలు, అదీ వడ్డీ కలపకుండా.

ఇంకో సంగతి మీరు గమనించినట్టు లేరు. డబుల్ రోటరీలో ప్రతి స్టేషన్ చుట్టుకు రెండు మాత్రలు కొడుతుంది, అంటే 27 స్టేషన్లకు ఒక్క చుట్టుకు 54. నిమిషానికి 15 చుట్లే తిప్పినా గంటకు 48,600. మీ నెల పని పన్నెండున్నర గంటల్లో అయిపోతుంది. మిగతా నెలంతా మెషిన్ ఖాళీ, ఆపరేటర్ జీతం మాత్రం పూర్తి. 16 స్టేషన్ల సింగిల్ రోటరీని 20 చుట్లతో నడిపితే గంటకు 19,200 వస్తాయి, మీ 6 లక్షలకు 31 గంటలు చాలు. శుభ్రం చేయడం, సెట్టింగ్ మార్చడం కలిపినా వారం పట్టదు. టూలింగ్ ఖర్చు కూడా చూడండి. 27 స్టేషన్లకు పై పంచ్, కింది పంచ్, డై (మాత్ర అచ్చు) కలిపి సెట్‌కు 81 ముక్కలు, 16 స్టేషన్లకు 48. సైజు మారిన ప్రతిసారీ ఈ తేడా మీ జేబులోంచే పోతుంది. జాబ్‌వర్క్ యూనిట్‌లో మీ సొంత పంచ్‌లు ఉంటే అవి డి రకమో, బి రకమో అడగండి. డి పంచ్ ఒళ్లు 25.4 మిల్లీమీటర్లు, బి పంచ్ 19 మిల్లీమీటర్లు. ఒకదాని పంచ్ ఇంకోదానిలో పట్టదు.

సెకండ్ హ్యాండ్ మెషిన్ వట్టిగా తిరుగుతుంటే చూసి మోసపోకండి. ఖాళీగా తిప్పితే ఏ మెషిన్ అయినా బాగానే తిరుగుతుంది. మీ గ్రాన్యూల్స్ తీసుకెళ్లి కనీసం రెండు గంటలు నడిపించండి. డబుల్ రోటరీ కాబట్టి మాత్రలు రెండు వైపులా పడతాయి. ప్రతి అరగంటకూ ఒక్కో వైపు నుంచి 20 మాత్రలు విడివిడిగా తూచండి. మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం 250 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్న మాత్రకు సగటు మీద 5 శాతం తేడా వరకు చెల్లుతుంది. 20లో రెండు దాటి ఆ గీత మీరకూడదు, ఒక్కటి కూడా 10 శాతం దాటకూడదు. ఒక వైపు బాగుండి రెండో వైపు తప్పుతుంటే అటువైపు గ్రాన్యూల్స్‌ను డైల్లోకి నింపే ఫీడ్ ఫ్రేమ్ లేదా మాత్ర బరువును సర్దే వెయిట్ క్యామ్ అరిగి ఉండొచ్చు. తప్పే మాత్ర ప్రతి 27కీ ఒకటి చొప్పున వస్తుంటే లోపం ఒకే స్టేషన్‌ది, ఆ కింది పంచ్ పొడవు తేడాగా ఉందన్నమాట. అది చిన్న ఖర్చు. తేడా ఏ వరసా లేకుండా వస్తుంటే టరెట్‌లో (పంచ్‌లను మోస్తూ తిరిగే చక్రంలో) పంచ్ గైడ్ రంధ్రాలు వదులైపోయాయేమో చూడండి. అది పెద్ద ఖర్చు. ఈ వదులును కొలిచే డయల్ గేజ్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. మాత్రల మీద నల్లని చుక్కలు, మెరుపు పొడి కనిపిస్తే ఫీడ్ ఫ్రేమ్ టరెట్‌కు రాసుకుంటోంది. ఆ సరుకు అమ్మడానికి పనికిరాదు.

మీ ఊరి గాలి సంగతి కూడా లెక్కలోకి రావాలి. గోదావరి పక్కన వానాకాలంలో తేమ ఎంత ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆయుర్వేద ఎక్స్‌ట్రాక్టులు తేమ పీలుస్తాయి. గుగ్గులు ఉన్న మిశ్రమాలు పంచ్ మొహానికి అంటుకుంటాయి, మాత్ర మీద గుంటలు పడతాయి. అంటుకుంటోందని గ్రాన్యూల్స్‌ను మరీ ఎండబెడితే, లేదా మెత్తటి పొడి ఎక్కువైతే, మాత్ర పై పొర టోపీలా ఊడిపోతుంది. పొడి కింది పంచ్‌ల చుట్టూ దిగి బిగుసుకుంటే మోటారు ట్రిప్ అవుతుంది. జాబ్‌వర్క్ యూనిట్ ఇన్నాళ్లూ ఈ తిప్పలు పడుతూ మీకు మంచి మాత్రలు ఇచ్చింది. ఇకపైన ఆ పని నేర్చుకునే ఖర్చు మీది. మొదటి మూడు నాలుగు నెలలు మెషిన్ తరచుగా ఆగుతుంది. అప్పుడు ఆర్డర్లు పోకుండా మళ్లీ జాబ్‌వర్క్‌కు 72 వేలు కట్టాలి, ఆపరేటర్ జీతం ఇవ్వాలి, వడ్డీ కట్టాలి. ఎఫ్‌డీ అప్పటికే మెషిన్‌లో ఉంటుంది. ఆ నెల జీతాలు దేనితో ఇస్తారు? మళ్లీ నూటికి రెండు రూపాయలే కదా!

ఆ వడ్డీ గురించి సూటిగా చెప్తాను. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. 2.5 లక్షలకు నెలకు 5 వేలు కడుతూ పోయినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. ప్రామిసరీ నోటు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు అవతలివాళ్ల చేతిలో ఉంటాయి. 30 నెలలకు గానీ పెట్టుబడి తిరిగిరాని యంత్రానికి ఈ అప్పు తేవడం ఏ విధంగానూ కుదరదు. యాప్ లోన్లు, క్రెడిట్ కార్డు కిస్తీలు కూడా ఈ జాబితాలోవే.

బిల్లు లేకుండా కొనే ఆలోచన ఇక్కడితో మానేయండి. 10 వేలు దాటి నగదుగా ఇచ్చిన మొత్తం ఆదాయపు పన్నులో ఆస్తి ధరలోకి రాదు, దాని మీద తరుగుదల ఉండదు. బ్యాంకు అప్పు రాదు. రేపు అగ్నిప్రమాదం జరిగితే బీమా కంపెనీకి చూపించడానికి కాగితం ఉండదు. బిల్లుతో కొన్నా 1.17 లక్షల జీఎస్టీ వెంటనే వెనక్కి వస్తుందనుకోవద్దు. ఆయుర్వేద మందుల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. ముడి సరుకు మీద కట్టిన పన్నుకు వచ్చే క్రెడిట్ పోను మీరు కట్టాల్సింది తక్కువే కాబట్టి మెషిన్ క్రెడిట్ చాలాకాలం మీ జీఎస్టీ లెడ్జర్‌లోనే కూర్చుంటుంది. అమ్మకం పన్ను కన్నా కొనుగోలు పన్ను ఎక్కువైనప్పుడు ఇచ్చే ఇన్వర్టెడ్ డ్యూటీ రీఫండ్ యంత్రాల మీది క్రెడిట్‌కు వర్తించదు. చిన్న వ్యాపారుల కాంపోజిషన్ పథకంలో ఉంటే ఆ క్రెడిట్ అసలే లేదు.

లైసెన్స్ సంగతి మీరు రాయలేదు. సొంతంగా మాత్రలు కొట్టాలంటే ఆయుర్వేద మందుల తయారీ నిబంధనలైన షెడ్యూల్ టి ప్రకారం ఆ విభాగానికి స్థలం, పరికరాలు చూపించి ఆయుష్ లైసెన్సింగ్ అధికారి అనుమతి పొందాలి. అది చేతికి రాకుండా మెషిన్ దింపితే, వాడని మెషిన్‌కు వడ్డీ కట్టినట్టే.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఎఫ్‌డీ అలాగే ఉంచండి. నెలకు 20 వేల చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, నిధిని 7.8 లక్షలకు చేర్చండి. హైదరాబాద్ యూనిట్‌తో ఏడాది ఒప్పందం అడిగి రేటు తగ్గించమనండి, రెండో యూనిట్‌లో ఒక ట్రయల్ బ్యాచ్ చేయించి పెట్టుకోండి. నెల పని 15 లక్షల మాత్రలకు చేరినప్పుడు జాబ్‌వర్క్ ఖర్చు 1.80 లక్షలవుతుంది. అప్పుడు 16 స్టేషన్ల కొత్త మెషిన్‌కు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్‌తో, చిన్న యూనిట్ల అప్పుకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ మీద బ్యాంకు టర్మ్ లోన్ అడగండి. ఆ పనికి కూడా అది నెలకు 80 గంటలు నడిస్తే చాలు. మార్జిన్, అంటే మీ వాటాగా పెట్టాల్సిన డబ్బు వేరుగా కూడబెట్టిందే అయి ఉండాలి, అత్యవసర నిధిలోంచి కాదు. మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ తీసుకోండి గానీ, అరుగుదలకు అది డబ్బివ్వదు. కుటుంబానికి ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

అమ్మే వ్యక్తి ఈ వారమే అడ్వాన్స్ కావాలని పట్టుబడితే, మీ గ్రాన్యూల్స్‌తో రెండు గంటల ట్రయల్ ఇస్తారా, బిల్లు మీద సీరియల్ నంబరు రాస్తారా అని అడిగి చూడండి.